చిల్ అంటే బీరు కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో యూత్ పేజీ కింద మూలన "చిల్" అనే మాట గురించి ఒక చిన్న ఐటమ్ వేశారు. చిల్ అవుదాం అంటే ఫ్రెండ్సంతా కలిసి మందు పార్టీ చేసుకుందాం అని అర్థమట, పబ్ కల్చర్‌తో పాటు మన సిటీల్లోకి వచ్చిన మాటట, పిల్లల నోట ఈ మాట వినపడితే తల్లిదండ్రులు జాగ్రత్త పడాలట. అది తప్పండీ. ఏదో చిన్న పొరపాటు అయితే నేను పని మానుకుని ఉత్తరం రాసేదాన్ని కాదు, కానీ ఆ నాలుగు లైన్లు చదివి ఊళ్లల్లో అమ్మానాన్నలు పిల్లల్ని ఫోన్లో ఎలా నిలదీశారో నాకు తెలుసు, ఎందుకంటే పిల్లల్ని అడిగాక వాళ్లు ఫోన్ చేసింది నాకే.

నేను బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఆడపిల్లల పీజీ, అంటే నెలనెలా డబ్బు కట్టి ఉండే హాస్టల్, నడుపుతాను. మాది నెల్లూరు వైపు. ఇక్కడ పీజీలు నడిపేవాళ్లలో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకూ తెలిసే ఉంటుంది, మా వీధిలో ఏ గేటు చూసినా ఆంధ్రా భోజనం అని బోర్డు వేలాడుతూ ఉంటుంది. పెళ్లికి ముందు తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీలో తెలుగు ఎంఏ చేశాను, ఉద్యోగం అయితే చేయలేదు గానీ ఏ మాట ఎక్కడిది, ఎలా వచ్చింది అని వెతుక్కోవడం మాత్రం ఇప్పటికీ మానలేదు. పైగా పొద్దున టిఫిన్ దగ్గర మొదలుపెట్టి రాత్రి గేటు తాళం వేసేదాకా ఈ పిల్లల మాటలే నా చెవుల్లో ఉంటాయి. కాబట్టి నాకు తెలిసింది చెప్తాను, కాస్త పొడుగైనా కోసేయకుండా వేయమని మనవి.

ముందు ఆ ఫోన్ల సంగతి ఒకటి చెప్తాను. కావలి నుంచి ఒకావిడ, అదే ఆదివారం మధ్యాహ్నం, కూతురికి ఫోన్ చేసి ఏం చేస్తున్నావే అని అడిగితే ఆ పిల్ల "ఏం లేదమ్మా, చిల్ అవుతున్నాం" అంది. ఆవిడ అప్పటికే మీ పేపరు చదివేసి ఉంది. వెంటనే అది కట్ చేసి నాకు చేసి "అక్కా, నా దగ్గర దాచొద్దు, మా పాప తాగుతోందా" అని ఏడుపు గొంతుతో అడిగింది. నేను ఫోన్ చెవి దగ్గర అలాగే పెట్టుకుని మేడ మీదకి ఎక్కాను. వాటర్ ట్యాంకు నీడలో చాప వేసుకుని ముగ్గురు కూర్చుని ఉన్నారు, ఒకమ్మాయి ఇంకో అమ్మాయి తలకి కొబ్బరినూనె పట్టిస్తోంది, మూడో పిల్ల ప్లేటులో ఉప్పూకారం కలుపుకుని మామిడికాయ ముక్కలు అద్దుకుని తింటోంది. నూనె పట్టించుకునే పిల్లే ఈవిడ కూతురు, కళ్లు మూతలు పడిపోతున్నాయి, మెడ ఇటు వాలిపోతుంటే వెనకాల అమ్మాయి నెట్టి నిటారుగా కూర్చోబెడుతోంది. అంతకు ముందు రోజు రాత్రి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉందని తెల్లారే వరకు పని చేసిన పిల్ల అది. ఫోటో తీసి పంపించాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నేను పెడతానంటే నూనె వద్దని పారిపోయేది" అంది. అదండీ చిల్ అంటే, మా పీజీలో వంద సార్లు ఆ మాట వినపడితే తొంభై సార్లకి పైన దానర్థం ఇదే.

అసలు మన పెద్దవాళ్లకి చిల్ అనగానే మందే ఎందుకు గుర్తొస్తుంది అని ఆలోచిస్తే నాకు ఒకటి తోచింది. మన ఊళ్లల్లో ఈ మాట మొదట కనపడింది రెండు చోట్ల. ఒకటి పాల చిల్లింగ్ సెంటర్. ఊళ్లో కేంద్రంలో పోసిన పాలు క్యాన్లకెత్తి అక్కడికి తోలేవాళ్లు, అక్కడ 4 డిగ్రీలకి చల్లబరిచి ట్యాంకర్లో డెయిరీకి పంపేవాళ్లు, పొదుగులోంచి వచ్చిన పాలు ఒంటి వేడి మీద ఉంటాయి కాబట్టి అలాగే వదిలేస్తే డెయిరీకి చేరేలోపే పులిసిపోతాయి. మా నాయన "చిల్లింగు కాడికి పొయ్యొస్తా" అని సైకిలెక్కేవాడు, ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు గానీ ఆ మాట మాత్రం ఆయన మాటే అయిపోయింది. రెండో చోటు వైన్‌షాపు, "చిల్డ్ బీర్" అని పెద్ద అక్షరాల బోర్డు. పాల సెంటర్‌ని మర్చిపోయాం, బోర్డు మాత్రం రోడ్డెక్కిన ప్రతిసారీ కళ్లకి కనపడుతూనే ఉంది, అందుకే చిల్ అనగానే మనసు అటు పోతుంది. కానీ పిల్లలు వాడే చిల్ ఆ బోర్డు మీద నుంచి రాలేదు, అది వేరే దారిలో వచ్చింది, ఆ దారి చాలా దూరం.

ఇంగ్లీషులో చిల్ అంటే చలి, చల్లదనం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులోనే ఉన్న మాట, కోల్డ్, కూల్ అనే మాటలకి దగ్గరి చుట్టం. మన "చల్ల"కీ దానికీ ఏదో సంబంధం ఉందని ఈ మధ్య కొంతమంది వాట్సాప్‌లో తిప్పుతున్నారు, అది నమ్మకండి, మనది ద్రావిడ మాట, తమిళంలో సళి, కన్నడలో చళి, మన చలి ఇవన్నీ ఒక ఇంటివి, ఇంగ్లీషు చిల్ జర్మన్ వాళ్ల భాషలతో పుట్టింది, చెవికి ఒకేలా వినపడినంత మాత్రాన బంధుత్వం కలవదు.

చలి అనే అర్థంలో ఉన్న మాట "శాంతంగా ఉండు" అనే అర్థంలోకి మారింది మాత్రం అమెరికాలో, అదీ నల్లజాతి పిల్లల వాడుకలో. అంతకు ముందే కూల్ అనే మాటకి వాళ్ల జాజ్ సంగీతం వాళ్లు 1930, 40ల్లో కొత్త రంగు వేశారు, సాక్సాఫోన్ వాయించే లెస్టర్ యంగ్ అనే ఆయన వల్లే అది అంతగా పాకింది అని చాలామంది చెప్తారు. చిల్ వంతు 1970ల్లో వచ్చింది. న్యూయార్క్‌లో బ్రాంక్స్ అని ఒక ప్రాంతం ఉంది, ఆ రోజుల్లో అక్కడ బిల్డింగులకి బిల్డింగులు తగలబడిపోయాయి, పనుల్లేవు, వీధికో గ్యాంగు, ఒకడి ఏరియాలోకి ఇంకొకడు అడుగు పెడితే కొట్లాట. 1971 డిసెంబర్‌లో ఆ గ్యాంగులన్నీ ఒక చోట కూర్చుని ఇక కొట్టుకోవడం ఆపుదాం అని ఒప్పందం చేసుకున్నాయి. ఆ తర్వాత 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలో 1520 నంబరు బిల్డింగులో కింది హాల్లో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి ఒక పార్టీ పెట్టింది, ఎందుకో తెలుసా, స్కూళ్లు తెరిచే లోపు కొత్త బట్టలు కొనుక్కోవడానికి డబ్బులు కావాలని. ఆడపిల్లలకి టికెట్టు 25 సెంట్లు, మగపిల్లలకి 50 సెంట్లు. రికార్డులు వేసింది వాళ్లన్న, ఆయన్నే డీజే కూల్ హెర్క్ అంటారు, హిప్‌హాప్ అనే సంగీతం పుట్టినరోజు అంటే ఆ రోజే అని ఇప్పటికీ లెక్క. ఇది చదివినప్పుడు నాకు చాలా నచ్చింది, ఇంత పెద్ద సంగీతం మొదలైంది ఒక పిల్ల స్కూలు బట్టల కోసం అని.

ఆ వాతావరణంలో తిరిగిన మాట చిల్. వేడెక్కకు, ఆవేశపడకు, కాస్త ఆగు అని. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ అనే పాటల బృందం రికార్డు వచ్చింది, ర్యాప్ పాటల్లో మొదటి పెద్ద హిట్టు అదే, దాంట్లో చిల్ ఈ అర్థంలోనే ఉంది, 80లు వచ్చేసరికి చిల్ ఔట్ అనేది అమెరికాలో పిల్లలందరి నోటికీ అలవాటైపోయింది. ఊరికే కంగారు పడేవాళ్లని చిల్ పిల్ వేసుకో అనడం కూడా అప్పుడే మొదలైంది, మన వాళ్లు ఓ మాత్ర వేసుకుని పడుకో అన్నట్టు. చిల్, రిలాక్స్ రెండూ కలిపేసి చిల్లాక్స్ అన్నది ఆ తర్వాత పదేళ్లకి, అది నాకు పెద్దగా నచ్చదు, నోరు తిరగదు. ఇంతకీ మీరు చూడాల్సింది ఏంటంటే, ఈ మాట పుట్టుకలో మందు లేదు. కొట్లాట వద్దు అనడం ఉంది. కోపం దించుకోమనే అర్థం ముందు వచ్చింది, కోపం దిగిన తర్వాత నలుగురూ కలిసి ఊరికే కూర్చోవడం అనే అర్థం వెనకాల వచ్చింది, మనిషి గురించి చెప్పేటప్పుడు "వాళ్ల మేనేజర్ చాలా చిల్" అంటే చీటికీ మాటికీ అరవని మనిషి అని ఇంకో అర్థం. మా పిల్లలు ఈ మూడూ వాడతారు. హిందీ పిల్లలతో చిల్ మార్ అంటారు, కన్నడ పిల్లలతో చిల్ మాడు అంటారు, వాళ్లలో వాళ్లు చిల్ పిల్లా అంటారు, మాట ఎవరింటికి వెళ్తే ఆ ఇంటి క్రియ తగిలించుకుంటోంది.

మీ ఐటమ్‌లో పబ్ కల్చర్ అన్నారు కాబట్టి ఆ సంగతీ దాచకుండా చెప్తాను. 1980ల చివర్లో లండన్‌లో రాత్రంతా డాన్సులు చేసే క్లబ్బుల్లో చిల్ ఔట్ రూమ్ అని పెట్టారు. పెద్ద హాల్లో గంటల తరబడి ఎగిరి ఒళ్లు వేడెక్కిపోయిన వాళ్లు, వాళ్లలో మత్తు బిళ్లలు వేసుకున్నవాళ్లు కూడా చాలామంది ఉండేవాళ్లు, పక్క గదిలోకి వచ్చి నీళ్లు తాగి కాసేపు కూర్చోవడానికి, అక్కడ సంగీతం కూడా చాలా మెల్లగా పెట్టేవాళ్లు. చిల్ ఔట్ మ్యూజిక్ అని ఇప్పుడు పిల్లలు చదువుకుంటూ వినేది అక్కడి నుంచి వచ్చిందే. అంటే క్లబ్బులో కూడా చిల్ అనే పేరు తాగే గదికి పెట్టలేదండీ, ఊపు ఆపి ఒళ్లు చల్లార్చుకునే గదికి పెట్టారు. మీ రిపోర్టర్ గారు ఈ ఒక్క విషయం తెలుసుకుని ఉంటే ఆ లైను అలా రాసేవాళ్లు కాదు.

ఇక మన సంగతికి వద్దాం. కోపాన్ని వేడితో, శాంతాన్ని చల్లదనంతో చెప్పడం మనకేం కొత్త కాదు కదా. "ఇప్పుడు వేడి మీద ఉన్నాడు, చల్లబడ్డాక అడుగు" అని మా అమ్మ మా నాయన గురించి చెప్పని రోజు లేదు. చల్లని మాట అంటాం, చల్లని మనసు అంటాం, చల్లగా ఉండు తల్లీ అని దీవిస్తాం, నీ కడుపు చల్లగుండ అంటాం. కన్నడం వాళ్లు కూడా అచ్చం అలాగే "నిన్న హొట్టె తణ్ణగిర్లి" అంటారు, మా పీజీలో వంట చేసే ఆవిడ హాసన్ వైపు మనిషి, నెల చివర జీతంతో పాటు వాళ్ల పిల్లలకి ఏమైనా ఇస్తే ఆవిడ నన్ను దీవించే దీవెన అదే. అమ్మవారికి కోపమొచ్చిందంటే మన ఊళ్లల్లో ఏం చేస్తారు, వేపమండలు, పసుపునీళ్లు, పెరుగన్నం చద్ది నైవేద్యం, అమ్మని చల్లబరచడమే కదా జాతర అంటే. ఇంత ఉన్న భాషలోకి చిల్ వచ్చి కూర్చుంటే అది పరాయి బుద్ధి అని ఎలా అనగలం? మన పిల్లలు ఆ మాటని అంత తేలిగ్గా పట్టుకోవడానికి కారణం కూడా ఇదే అని నా నమ్మకం, మాట కొత్తది, లోపలి భావం అమ్మమ్మల నాటిది.

నాకు అసలు భయం వేరే ఉంది. అది జల్సా అనే మాట చూసి. అరబ్బీలో జల్సా అంటే కూర్చోవడం, నలుగురు కూడి కూర్చునే సభ. ఉర్దూలో ఇప్పటికీ మీటింగుని జల్సా అంటారు, పాటకచేరీని అంటారు. మన తెలుగులోకి వచ్చేసరికి ఏమైంది? జల్సా రాయుడు అంటే ఇల్లు ఒళ్లు గుల్ల చేసుకునేవాడు. ఏ రోజు పేపరు తీసినా క్రైమ్ వార్తల్లో "జల్సాలకు అలవాటు పడి చోరీలు" అని ఒకే హెడ్డింగు, చైన్ స్నాచింగ్ అయినా బైకుల దొంగతనం అయినా పోలీసుల ప్రెస్‌మీట్ అయినా. ఎంత చక్కటి మాట, దాన్ని ఇక ఎవరైనా మంచి అర్థంలో వాడగలరా? మా అమ్మాయి ఫ్రెండ్స్‌తో జల్సా చేస్తోంది అని ఏ తల్లైనా పక్కింటావిడతో అనగలదా? చిల్‌కి కూడా మీరు అదే గతి పట్టించేలా ఉన్నారు. మీ పేపర్లోనే మొన్న ఏదో ఫామ్‌హౌస్ రైడ్ వార్తకి హెడ్డింగు "చిల్ అవుతూ చిక్కారు". అది మత్తుమందుల కేసు, మత్తుమందుల కేసు అనే రాయండి. నేరానికి ముద్దుపేరు పెడితే నేరం చిన్నదైపోతుంది, ఆ ముద్దుపేరు వాడే మామూలు పిల్లలు నేరస్తుల్లా కనపడతారు, రెండు వైపులా నష్టమే.

మాట మంచి వైపు కూడా మారొచ్చు అనడానికి షికారు ఉంది. పారశీకంలో షికార్ అంటే వేట. మనం దాంట్లోంచి బల్లేలూ తుపాకులూ తీసేసి సాయంత్రం పూట గాలికి నడిచి రావడం చేసుకున్నాం. కాలక్షేపం ఇంకా వింత, హరికథా కాలక్షేపం అంటే భక్తితో కూర్చుని వినేది, ఒట్టి కాలక్షేపం అంటే పొద్దుపోవడానికి చేసేది. కులాసా కూడా అరబ్బీ, పారశీకాల మీదుగానే వచ్చింది, అక్కడ ఖులాసా అంటే సారాంశం, తేట, మనకేమో హాయిగా ఉండటం, మా తాతగారి ఉత్తరాల్లో "ఇక్కడ మేమందరం కులాసా" అని లేకుండా ఒక్క కార్డు కూడా ఉండేది కాదు. మా వాచ్‌మన్ కలబురగి మనిషి, పొద్దున కనపడగానే "ఆరాం ఇద్దీరీ అమ్మా" అంటాడు, బాగున్నారా అనడానికి అక్కడ అదే మాట, ఆరాం కూడా పారశీకమే, హైదరాబాద్ వైపు మన వాళ్లు ఆరాంసే అంటారు. నెమ్మది ఒక్కటే ఈ గుంపులో మన దక్షిణాది సొంత మాట, కానీ దాని నడక చూడండి, తమిళంలో, కన్నడలో అది మనశ్శాంతి, వంట చేసే ఆవిడ "నెమ్మది ఇల్లమ్మా" అంటే శాంతి లేదు తల్లీ అని, మనకేమో నెమ్మదిగా వెళ్లు అంటే మెల్లగా వెళ్లు, అయినా జ్వరం తగ్గితే "ఒంట్లో నెమ్మదించింది" అంటాం కదా, అక్కడ పాత అర్థం ఇంకా బతికే ఉంది. ఇన్ని మాటలు మనం తెచ్చుకుని, మార్చుకుని, మన ఉత్తరాల్లో దీవెనల్లో పెట్టుకున్నాం, వీటిలో ఒక్కదాన్ని కూడా ఎవరూ అనుమానంగా చూడట్లేదు. చిల్ ఒక్కటి ఏం పాపం చేసింది?

ఒక్క విషయంలో మాత్రం తల్లిదండ్రులకీ పిల్లలకీ కూడా నిజంగానే హెచ్చరిక అవసరం, ఆ హెచ్చరిక మీ ఐటమ్‌లో లేదు. నెట్‌ఫ్లిక్స్ అండ్ చిల్. నెట్‌ఫ్లిక్స్ 1997లో మొదలైనప్పుడు పోస్టులో డీవీడీలు పంపే కంపెనీ, 2007 నుంచి నెట్ మీద చూపించడం మొదలుపెట్టింది, మన దేశానికి 2016 జనవరిలో వచ్చింది. 2009 నాటికి ట్విట్టర్‌లో ఈ మాట ఉంది, అప్పుడు దానర్థం అక్షరాలా సినిమా చూస్తూ ఇంట్లో ఉండటమే. 2014, 15 వచ్చేసరికి అమెరికా కుర్రకారులో దానర్థం మారిపోయింది, సినిమా అనేది పేరుకే, ఆ వంకతో ఇద్దరు ఒంటరిగా శారీరకంగా దగ్గరవడానికి పిలిచే పిలుపు అయిపోయింది. ఇది తెలియని పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక పిల్ల, చిన్న ఊరి నుంచి వచ్చింది, ఆఫీసు గ్రూపులో వీకెండ్ ప్లాన్ ఏంటి అంటే నెట్‌ఫ్లిక్స్ అండ్ చిల్ అని టైప్ చేసింది, తను అనుకున్నది దుప్పటి కప్పుకుని సీరియల్ చూడటం. గ్రూపులో మగపిల్లలు పెట్టిన బొమ్మలు, నవ్వులు చూసి ఆ పిల్లకి అర్థం కాలేదు, సోమవారం ఒకడు ఎదురుగానే ఏదో అన్నాడు, సాయంత్రం వచ్చి నా దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. తప్పు ఆ పిల్లది కాదు, తెలిసీ వెకిలిగా మాట్లాడినవాడిది. కానీ ముందే ఎవరో ఒకరు చెప్పి ఉంటే బాగుండేది కదా, ఆ చెప్పేది పేపరు ఎందుకు కాకూడదు? చిల్ ఒక్కటే వాడితే ఏ ఇబ్బందీ లేదు, ఆ ముందు మాటతో కలిపితే వేరే సంగతి అని శుభ్రంగా రాయొచ్చు. మొహమాటపడి వదిలేసే విషయం కాదిది.

ఇంకో వాడకం ఉంది, అది వింటే నాకు ఒళ్లు మండుతుంది. రాత్రి పదకొండున్నరకి డైనింగ్ టేబుల్ దగ్గర ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒకమ్మాయి కాల్‌లో ఉంటుంది, ప్లేటులో అన్నం ఎండిపోతూ ఉంటుంది, పొద్దున తొమ్మిదిన్నర నుంచీ కూర్చున్నాను సార్, మిగతాది రేపు చేస్తాను అంటుంది. స్పీకర్లోంచి ఒక మగ గొంతు "చిల్ యార్, ఇంకో టూ అవర్స్ అంతే కదా" అంటుంది. ఇదే నేను చాలాసార్లు విన్నాను, ఒక్క ఆఫీసు కాదు, ఒక్క మేనేజర్ కాదు. బ్రాంక్స్‌లో సమానంగా ఉన్న కుర్రాళ్లు ఒకరినొకరు ఆపుకోవడానికి వాడిన మాటని ఇక్కడ పైవాడు కిందివాళ్ల నోరు మూయించడానికి వాడుతున్నాడు. విశ్రాంతి అనే అర్థమున్న మాటతోనే విశ్రాంతి లేకుండా చేస్తున్నారు. తనకి తాను చెప్పుకుంటే చిల్ మంచిది, పక్కనున్న స్నేహితురాలు చెప్తే ఇంకా మంచిది, పని మోసేవాళ్లతో పని మోపేవాడు అంటే మాత్రం అది అవమానం. ఇంట్లో భార్య ఏదైనా కష్టం చెప్పుకుంటుంటే భర్త కూల్ కూల్ అంటాడు చూడండి, అదీ ఇలాంటిదే.

ఈ సిటీలో పిల్లలకి తీరిక అనేది ఎంత కష్టంగా దొరుకుతుందో ఊళ్లల్లో ఉన్నవాళ్లకి తెలియాలి. 2023 అక్టోబర్‌లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పని చేయాలి అన్నారు, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ చైర్మన్ గారి 90 గంటల మాట బయటికొచ్చింది, మధ్యలో 2024 జూలైలో ఇక్కడ కర్ణాటకలో ఐటీ వాళ్ల పని రోజుకి 14 గంటల దాకా పెంచుకునేలా చట్టం మార్చాలనే ప్రపోజల్ వచ్చి ఐటీ ఉద్యోగుల యూనియన్ వాళ్లు రోడ్డెక్కాల్సి వచ్చింది. దీనికి తోడు ఔటర్ రింగ్ రోడ్డు మీద, సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో పోయే టైము ఏ లెక్కలోకీ రాదు. ఇంత పిండిన తర్వాత శనివారం మధ్యాహ్నం దాకా పడుకునే పిల్లని చూసి బద్ధకం అనకండి. వాళ్ల చిల్ ఏంటో నేను రోజూ చూస్తున్నాను కాబట్టి చెప్తున్నాను, బట్టలు ఉతుక్కోవడం, ఇంటికి ఫోను, లాల్‌బాగ్‌కో కబ్బన్ పార్కుకో వెళ్లి చెట్టు కింద కూర్చోవడం. కబ్బన్ పార్కులో శనివారాలు పొద్దున్నే చాపలేసుకుని ఎవరి పుస్తకం వాళ్లు మాట్లాడకుండా చదువుకునే గుంపు ఒకటి ఉంటుంది, మా పిల్లలు ఇద్దరు ముగ్గురు అక్కడికే పోతారు, ఒకమ్మాయి తెలుగు పుస్తకం పట్టుకుపోతే పక్కన కూర్చున్న ఒక పెద్దాయన చూసి నేనూ తెలుగేనమ్మా అన్నాడట, మా వాళ్లు ఇక్కడే స్థిరపడి తరాలయ్యాయి అని. తాగేవాళ్లు అసలు లేరు అని నేను అనట్లేదు, పబ్బులుండే చర్చ్ స్ట్రీట్ వైపు రాత్రిళ్లు ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, దానికి జాగ్రత్తలు చెప్పండి, నేనూ చెప్తాను, గేటు టైము పెట్టింది అందుకే. కానీ దాన్ని తాగుడు అనే పేరుతోనే పిలవండి.

కాబట్టి సార్, నేను కోరేది ఇంతే. ఆ ఐటమ్‌కి సవరణ వేయండి, చిల్ అంటే కోపం, కంగారు తగ్గించుకోవడం, తీరిగ్గా ఉండటం అని, నెట్‌ఫ్లిక్స్ మాట సంగతి విడిగా చెప్తూ. క్రైమ్ వార్తల హెడ్డింగుల్లో ఈ మాట వాడొద్దని డెస్క్ వాళ్లకి చెప్పండి. ఆ సవరణ మా బెంగళూరు ఎడిషన్‌లో మాత్రమే వేస్తే ఉపయోగం లేదు, దాన్ని చదవాల్సింది కావలిలో, కనిగిరిలో, మదనపల్లెలో, హిందూపురంలో ఉన్న అమ్మానాన్నలు, కాబట్టి జిల్లా ఎడిషన్లన్నిట్లో రావాలి, యూత్ పేజీలో కాకుండా వాళ్లు చదివే ఫ్యామిలీ పేజీలో.

ఇట్లు,
ఒక పీజీ నిర్వాహకురాలు,
మారతహళ్లి, బెంగళూరు.